నాయిన అడిగిన నీడ

మా ఊరి బస్ స్టేజీ దగ్గర ఒక బండ ఉంటుంది. బస్సు కోసం వచ్చినవాళ్లంతా దానిమీదే కూర్చోవాలి. పోయిన ఏడాది మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, జనగామ పోయే బస్సు కోసం చూస్తూ చూస్తూ మా నాయిన ఆ బండ మీంచి పక్కకు ఒరిగిపోయాడు. ఎండదెబ్బ. అటుగా పోతున్న గౌడన్న ఒకాయన చూసి, తల మీద నీళ్లు పోసి, ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయాడు కాబట్టి బతికాడు. ఆ టైంలో నేను హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నా. ఫోన్ సైలెంట్‌లో ఉంది. బయటికి వచ్చి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్.

రాత్రి నేను చేరేసరికి సెలైన్ ఎక్కుతోంది. నాయిన కళ్లు తెరిచి మొదట అన్న మాట: "గా చెట్టు ఉంటే పడకపోదునురా."

గా చెట్టు అంటే స్టేజీ దగ్గరి గుల్మొహర్. నేను పుట్టిన ఏడాది నాయినే నాటాడట. పుస్తకాల్లో దాని పేరు ఎర్ర తురాయి. మా ఊరి పిల్లలకు మాత్రం కోడిపుంజుల చెట్టు. మొగ్గ విప్పి కేసరాలు తీసి, ఒకదాని తలలో ఇంకోదాని తల తగిలించి లాగేవాళ్లం. ఎవరి పుంజు తల తెగితే వాళ్లు ఓడినట్టు. మొగ్గ పైతొక్కలు గోళ్లకు అంటించుకుని దయ్యాల్లా భయపెట్టేవాళ్లం. ఎండిన కాయలైతే కత్తులే. మీలో చాలామందికి ఇవన్నీ గుర్తుండే ఉంటాయి.

నాలుగేళ్ల కింద రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు పోయింది. ఎవరినీ తిట్టడానికి లేదు. రోడ్డు కావాలని సంతకం పెట్టినవాళ్లలో నాయిన కూడా ఉన్నాడు.

"మళ్లీ పెడదాం నాయినా" అన్నా.

"నీడకు ఎన్నేండ్లు పడ్తది?"

ఫోన్‌లో చూసి చెప్పా. "నాలుగైదేండ్లు."

నాయినకు అప్పుడు అరవై మూడు. పైకి చూస్తూ మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. "చూద్దాం తీ" అన్నాడు. ఆ 'తీ' నాకు చాలా రోజులు చెవిలోనే ఉండిపోయింది.

రెండుసార్లు ఫెయిల్

నర్సరీలో మొక్క కొంటే పని అయిపోయేది. కానీ నాయిన ఆ పాత చెట్టును గింజ నుంచే పెంచాడు. నేనూ అట్లాగే పెంచాలని పంతం పట్టా. పైగా బీటెక్ చదివినవాణ్ని, గింజ మొలిపించలేనా అనుకున్నా.

జూన్‌లో ఆన్‌లైన్‌లో ఇరవై గింజలు తెప్పించా. కుండీల్లో పెట్టి రోజూ నీళ్లు పోశా. నెల గడిచినా ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే గింజలు ఎట్లా పెట్టానో అట్లాగే ఉన్నాయి. కుళ్లలేదు, ఉబ్బలేదు. చింతగింజ కంటే సన్నగా, పొడుగ్గా, మెరుస్తూ, గులకరాళ్లలా.

రెండోసారి ఏదో వీడియోలో 'వేడి నీళ్లు' అన్న మాట ఒక్కటి పట్టుకుని, గింజల్ని గిన్నెలో వేసి పది నిమిషాలు మరిగించా. అవి బాగా ఉబ్బాయి. సంతోషంగా ఫొటో తీసి నాయినకు పంపా. ఆయన ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఒకటే: "గుడాలు చేసినవారా?"

వారం తర్వాత కుండీలోంచి వాసన వచ్చింది. అంతే.

ఈ ఏడాది ఏప్రిల్ చివర్లో నాలుగు రోజులు సెలవు పెట్టి, బండి తీసి బయల్దేరా. జనగామలో కాయలు ఏరుకోవాలి. మహబూబాబాద్ దగ్గర చిన్నమ్మ ఊరికి పోవాలి, ఆమె పంచాయతీ నర్సరీలో పని చేస్తుంది. అక్కణ్నుంచి భూపాలపల్లిలో అక్కావాళ్లింటికి. మూడూ పాత వరంగల్ జిల్లావే. 2016 అక్టోబర్ 11న మూడు వేర్వేరు జిల్లాలయ్యాయి. చుట్టాలకు మాత్రం జిల్లా గీతలు ఉండవు కదా.

జనగామ: కత్తులు ఏరుకున్న చోటు

జనగామ అంటే కరువు నేల. చెలకలు, తాటిచెట్లు, ఎక్కడ చూసినా పరుపు బండలు. దగ్గర్లోనే పెంబర్తి, ఇత్తడి పనికి పేరుమోసిన ఊరు. అటు దేవరుప్పుల వైపు కడవెండి, 1946 జులై 4న దొడ్డి కొమురయ్య ప్రాణం ఇచ్చిన ఊరు. ఇటు పాలకుర్తి, చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడ్డ ఊరు. ఈ నేల మీద ఏదీ తేరగా దొరకలేదు, నీళ్లతో సహా.

ఏప్రిల్ చివర్లో గుల్మొహర్ చూడటానికి ఏం బాగుండదు. నేను ఆగిన ఒక బడి గ్రౌండ్‌లో నాలుగు చెట్లున్నాయి. నాలుగూ బోసిగా ఉన్నాయి. ఆకు లేదు, పువ్వు ఇంకా పూర్తిగా రాలేదు. కొమ్మలకు నల్లటి కాయలు వేలాడుతున్నాయి, గాలికి గలగలమంటున్నాయి. కొన్ని కొమ్మల చివర మొగ్గలు మాత్రం గుత్తులుగా పొడుచుకొచ్చాయి.

ఆ బోసి చెట్టు కింద నిలబడితే ఎండ నెత్తిమీద అట్లాగే కొడుతోంది. ఏదో తేడాగా అనిపించింది గానీ ఆ క్షణంలో పట్టించుకోలేదు. కాయల మీద ఉంది నా దృష్టి.

కాయ ఒక్కొక్కటి అడుగున్నర, రెండడుగులు ఉంది. పచ్చివి వదిలేసి, ముదురు గోధుమ రంగుకు తిరిగి ఎండినవి ఏరా. చెక్కలా గట్టిగా ఉన్నాయి. రాయితో కొట్టి విప్పితే లోపల అడ్డంగా చిన్న చిన్న గదులు, గదికి ఒక గింజ. హాస్టల్ రూముల్లా పక్కపక్కనే. ఆన్‌లైన్‌లో ఇరవై గింజలకు నూట యాభై దాకా పెట్టినవాణ్ని, ఇక్కడ పది నిమిషాల్లో సంచీ నిండింది, పైసా ఖర్చు లేకుండా.

ఈ చెట్టు అసలు మన దేశానిది కాదు. దీని పుట్టిల్లు మడగాస్కర్. 1820ల్లో వెన్సెస్లాస్ బోజర్ అనే వృక్ష శాస్త్రవేత్త అక్కడ దాన్ని చూసి, ఆ అందానికి ముగ్ధుడై బయటి ప్రపంచానికి చెప్పాడు. 1829లో దానికి శాస్త్రీయ నామం అచ్చయింది. తర్వాత వేడి దేశాలన్నిటికీ పాకింది. కరీబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ దేశానికి ఇదే జాతీయ పుష్పం. ఇప్పటి శాస్త్రీయ నామం డెలోనిక్స్ రేజియా. గ్రీకులో 'డెలోస్' అంటే స్పష్టంగా కనిపించేది, 'ఓనిక్స్' అంటే గోరు. పూరేకుల అడుగు భాగం గోరులా సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. మేం చిన్నప్పుడు దాంతో గోళ్లే కదా చేసుకున్నది!

మానుకోట: గింజకు పాస్‌వర్డ్

పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ పోయా. పాతవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ మానుకోట అనే అంటారు. మాను అంటే చెట్టు. చెట్లే కోటలా ఉండేవి కాబట్టి మానుకోట అని అక్కడివాళ్లు చెప్పే మాట. గింజ పట్టుకుని పోవడానికి ఇంతకంటే మంచి ఊరు ఏముంటుంది?

చిన్నమ్మవాళ్ల ఊరు కురవి వైపు. దారి పొడవునా కల్లాల్లో ఆఖరి కోత మిరపకాయలు ఎండుతున్నాయి. హెల్మెట్ అద్దం తీస్తే ఘాటు ముక్కుకు కొట్టి తుమ్ములు. చిన్నమ్మ ఉపాధి హామీ కింద ఊరి నర్సరీలో పని చేస్తుంది. 2015 జులై 3న హరితహారం మొదలైంది. ఆ తర్వాత ఊరూరా ఇట్లాంటి నర్సరీలు వచ్చాయి. మీ ఊర్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది. గ్రీన్ నెట్ పందిరి, కింద వరసలు వరసలుగా నల్ల కవర్లు, కవరుకు ఒక మొక్క. మనం పక్కనుంచి బండి మీద పోతాం, లోపలికి మాత్రం పోం.

నా కథంతా విని చిన్నమ్మ చాలాసేపు నవ్వింది.

"ఉడకబెడితే ఏడ మొలుస్తది కొడుకా? అది అన్నం కాదు, పానం."

ఆమె చెప్పింది చాలా సింపుల్. నీళ్లు మసలనియ్యాలె. పొయ్యి మీంచి దించాలె. దించినంక గింజలు వెయ్యాలె. ఇగ ముట్టుకోవద్దు. నీళ్లు వాటంతట అవే చల్లారాలె. తెల్లారిందాక అట్లనే ఉంచాలె. పొద్దుగాల ఉబ్బినవి ఏరుకుని పెట్టుడు, ఉబ్బనివాటిని గరుకు బండ మీద రుద్ది మళ్లీ నానబెట్టుడు.

ఆ రాత్రి వాకిట్లో పెద్ద గిన్నెలో నలభై గింజలు వేశాం. పొద్దున లేచి చూస్తే ఇరవై ఆరు ఉబ్బాయి. మిగతా పద్నాలుగు నిన్నటిలాగే గులకరాళ్లు. వాటిని ఒక్కొక్కటే తీసుకుని, గింజ కన్ను ఉన్న వైపు వదిలేసి, రెండో చివర పైపొర కొంచెం అరిగి లోపలి తెల్లదనం తొంగిచూసే దాకా బండ మీద రుద్దాం. ఎక్కువ రుద్దితే లోపలి పప్పు దెబ్బతింటుంది. సాయంత్రానికి అవి కూడా ఉబ్బడం మొదలుపెట్టాయి.

నా మొదటి ప్రయత్నం ఎందుకు ఫెయిలైందో అప్పుడు అర్థమైంది. ఈ గింజ పైపొరలోంచి నీటి చుక్క కూడా పోదు. నేను నెల రోజులు పోసిన నీళ్లు కుండీకి అందాయి గానీ గింజకు అందలేదు. ఎండాకాలంలో పొరపాటున కురిసిన ఒక్క వానకు మోసపోయి మొలిస్తే, తర్వాత ఎండకు మాడి చస్తుంది. అందుకే తలుపు గట్టిగా వేసుకుని కూర్చుంటుంది. అడవిలో ఎండకు, వానకు, మట్టి రాపిడికి ఆ తలుపు మెల్లగా అరగాలి. దానికి ఏళ్లు కూడా పట్టొచ్చు. మనం వేడి నీళ్లతో ఆ పనిని ఒక రాత్రిలో చేస్తున్నాం. మన భాషలో చెప్పాలంటే, గింజకు పాస్‌వర్డ్ ఉంది. మొదటిసారి నేను పాస్‌వర్డే కొట్టలేదు. రెండోసారి ల్యాప్‌టాపే కాల్చేశా.

మట్టి కలపడం కూడా చిన్నమ్మే చూపించింది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల పెంట, ఒక పాలు ఇసుక. కవరుకు అడుగున, పక్కల బొక్కలు ఉండాలి. గింజను బొటనవేలి గోరంత లోతులో పెడితే చాలు. కవర్లు పొడుగ్గా ఉండాలని మరీ మరీ చెప్పింది. ఈ మొక్క ముందు కిందికి వేరు పంపిస్తుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది. పొట్టి కవర్లో వేరు చుట్టలు చుట్టుకుంటుంది. అట్లా చుట్టుకున్న మొక్క నాటినా గట్టిగా నిలబడదు.

పక్క జిల్లా ఖమ్మంలోని రెడ్డిపల్లి వనజీవి రామయ్యది. దరిపల్లి రామయ్య అసలు పేరు. జేబుల్లో గింజలు, సైకిల్ మీద మొక్కలు, మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అనే బోర్డు. కోటికి పైగా మొక్కలు పెంచిన మనిషిగా 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆయన ఫొటో స్టేటస్ పెట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నా. కానీ ఒక్క గింజ కోసం ఇంత తిప్పలు పడ్డాక గానీ కోటి అంటే ఏందో నా తలకు ఎక్కలేదు.

బయల్దేరుతుంటే చిన్నమ్మ ఇంకో పొట్లం చేతిలో పెట్టింది. విప్పితే కానుగ కాయలు.

"ఇవెందుకు చిన్నమ్మా?"

"మీ నాయినకియ్యి. ఆయనకు ఎరుకే."

భూపాలపల్లి: పెరుగుడు, విరుగుడు

గూడూరు, నర్సంపేట, వరంగల్, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి పొద్దు గూకుతోంది. రేగొండ దగ్గర పాండవుల గుట్టలు, గణపురంలో కాకతీయుల కాలం నాటి కోటగుళ్లు చూడాలని ప్లాన్ వేసుకున్నా గానీ, ఎండకు ఒళ్లు మాట వినలేదు.

భూపాలపల్లి బొగ్గు ఊరు. ఒకవైపు సింగరేణి గనులు. చెల్పూరు దగ్గర 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. బావ ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు. బొగ్గు తీయాలంటే ముందు పైన ఉన్న మట్టీ రాయీ తీయాలి. తీసిన మట్టి గుట్టలుగా పోస్తారు. ఆ గుట్టల మీద మళ్లీ మొక్కలు పెడతారు. దూరం నుంచి చూస్తే మామూలు గుట్టల్లాగే ఉంటాయి, కానీ పైభాగం బల్లపరుపుగా కోసినట్టు ఉంటుంది.

అక్కావాళ్లుండే వీధిలో రెండు వైపులా గుల్మొహర్‌లే. జనగామలో కంటే ఇక్కడ ముందే పూశాయి. బొగ్గు దుమ్ము పట్టిన వీధిలో ఆ ఎరుపు చూస్తే ఎవరో కావాలని ఫిల్టర్ పెట్టినట్టు ఉంది. ఒక పువ్వు కింద పడితే తీసి చూశా. నాలుగు రేకులు నిండు ఎరుపు. ఐదోది మాత్రం నిలువుగా నిలబడి, తెలుపు పసుపు చారలతో వేరేగా ఉంటుంది. ఇరవై ఏళ్లు ఆ పువ్వుతో ఆడుకున్నా గానీ ఈ తేడా ఎప్పుడూ చూడలేదు.

ఇంత అందమైన వీధి చూసి, మా స్టేజీ బండను ఆనుకునే మొక్క పెట్టాలని ఫిక్సయ్యా.

ఆ రాత్రే గాలిదుమారం వచ్చింది.

మొదట కరెంటు పోయింది. తర్వాత రేకుల చప్పుడు. పది నిమిషాలకు పెద్ద తుపాకీ పేలినట్టు ఒక ధ్వని. టార్చ్ పట్టుకుని బయటికి ఉరికితే, ఇంటి ముందరి చెట్టు కొమ్మ ఒకటి, నా నడుమంత లావుది, అక్క స్కూటీ మీద పడి ఉంది. సాయంత్రం ఏడింటి దాకా మా మేనకోడలు ఆ స్కూటీ సీటు మీదే కూర్చుని ఫోన్ చూసింది. అక్క ఏం మాట్లాడలేదు. లోపలికి పోయి నిద్రపోతున్న పిల్లను ఒకసారి తడిమి వచ్చింది.

పొద్దున వీధిలో ఇంకో చెట్టు మొత్తం వేళ్లతో సహా పడిపోయి కనిపించింది. అంత పెద్ద చెట్టుకు వేళ్లు లోతుగా లేవు. పళ్లెంలా వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి. చుట్టూ సిమెంటు వేసిన చోట అవి పోవడానికి దారి కూడా లేదు. విరిగిన కొమ్మ లోపల కట్టె మెత్తగా, తేలిగ్గా ఉంది.

బావ గొడ్డలితో కొమ్మలు కొడుతూ అన్నాడు: "దీని పెరుగుడు ఎంత జల్దీనో విరుగుడు గంతే జల్దీ బామ్మర్దీ. చెట్టుది తప్పులేదు. ఇంటికి ఆనిచ్చి పెట్టినోళ్లది తప్పు."

మధ్యాహ్నం ఆయనతో కలిసి ఆ మట్టి గుట్టల దగ్గరికి పోయా. నలభై దాటిన ఎండ. రాళ్లూ మట్టీ కలిసిన ఆ వాలు మీద ఏది బతికినా గొప్పే. నాకు కనిపించినవాటిలో ఒక జాతి చెట్లు మాత్రం లేత ఆకులతో తళతళమంటూ ఉన్నాయి. కింద నల్లగా, చిక్కగా నీడ. దగ్గరికి పోయి చూస్తే కానుగ.

జనగామ బడి గ్రౌండ్‌లో నా నెత్తి కాలిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మన దగ్గర గుల్మొహర్ ఎండాకాలం మొదట్లో ఆకు రాలుస్తుంది. పువ్వులతో పాటు మళ్లీ కొత్తాకు వేసేసరికి ఎండలు సగం అయిపోతాయి. కానుగ కూడా ఆకు రాలుస్తుంది గానీ తొందరగా తేరుకుంటుంది. ఏప్రిల్ కల్లా నిండా కొత్తాకు. అంటే నాయినకు ఏ రోజుల్లో నీడ కావాలో, సరిగ్గా ఆ రోజుల్లో గుల్మొహర్ బట్టలు మార్చుకుంటూ ఉంటుంది. నేను ఏడాది నుంచి 'ఎన్నేళ్లకు నీడ వస్తుంది' అనే ఒక్క ప్రశ్న మీదే ఉన్నా. 'ఏ నెలలో వస్తుంది' అని ఒక్కసారీ అడగలేదు. చిన్నమ్మ ఆ పొట్లం ఎందుకు ఇచ్చిందో అప్పుడు తెలిసింది.

స్టేజీ దగ్గర లెక్కలు

ఇంటికొచ్చి పొట్లం ఇస్తే నాయిన విప్పి చూసి, "ఇచ్చిందా? మంచిపని చేసింది" అన్నాడు.

"నీకు ముందే ఎరుకైతే ఎందుకు చెప్పలే?"

"నువ్వు గా చెట్టు మీద పానం పెట్టుకున్నవు. ఎట్ల చెప్పాలె?"

ఏడాదిగా నేను ఆయన కోసం పాత చెట్టు తెచ్చిపెడుతున్నానని అనుకున్నా. ఆయన నా కోసం ఊరుకున్నాడు.

ఇద్దరం కలిసి స్టేజీ దగ్గరికి పోయాం. పంచాయతీలో అడిగి, రోడ్డు గీత వదిలేసి జాగా చూసుకున్నాం. ఇక్కడ ఇంజనీర్ బుర్ర కొంచెం పనికొచ్చింది. మే నెల మొదట్లో హైదరాబాద్‌లో జీరో షాడో డే అని వార్తల్లో చూస్తుంటారు కదా, మే 9 ప్రాంతంలో. మిట్ట మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నిలబడ్డ మనిషి నీడ కాళ్ల కిందే ఉంటుంది. జనగామకు కూడా ఇంచుమించు అవే రోజులు. అంటే పన్నెండింటికి చెట్టు నీడ చెట్టు కిందే. రెండు దాటాక సూర్యుడు పడమటికి దిగుతాడు, నీడ తూర్పుకు జరుగుతుంది. నాయిన పడిపోయింది రెండింటికి. కాబట్టి చెట్టు బండకు పడమటి వైపు ఉండాలి. పాత చెట్టు కూడా పడమటి వైపే ఉండేదని నాయిన అప్పుడు చెప్పాడు. ఏ యాప్ చూసి పెట్టాడో మరి!

బండకు పడమర పది అడుగుల దూరంలో కానుగ. గుల్మొహర్‌ను బండకు, కరెంటు తీగలకు, ఇళ్లకు దూరంగా, చెరువుగట్టు తొవ్వలో. మా ఇద్దరి ఒప్పందం అదీ.

కానుగ గింజకు పాస్‌వర్డ్ లేదు. కాయ విప్పి, రాత్రి నానబెట్టి పెడితే రెండు వారాలకు లేచాయి. గుల్మొహర్ అయితే ఆరో రోజే మట్టి పగిలింది. నేను ల్యాప్‌టాప్ ముందు ఉంటే నాయిన వీడియో కాల్ చేశాడు. మొలక వంగి, గింజ పొరను నెత్తి మీద టోపీలా మోసుకుని పైకి లేస్తోంది. నలభైలో ముప్పై ఒకటి మొలిచాయి. మా టీమ్‌లో ఏ రిలీజ్‌కూ నేను అంత గట్టిగా అరవలేదు.

మీరూ పెంచాలనుకుంటే

ఇది చదివాక మీలో ఎవరికైనా చేయి ఊరుకోకపోతే, నా తప్పులు మీరు చేయకుండా కొన్ని మాటలు.

1. ఫిబ్రవరి నుంచి మే లోపు చెట్టు మీద ఎండిన కాయలు ఏరండి. పచ్చి కాయ గింజ పనికిరాదు.

2. దించిన వేడి నీళ్లలో వేసి ఒక రోజు వదిలేయండి. మరిగించకండి. ఉబ్బనివాటిని రాయి మీద గానీ గరుకు కాగితంతో గానీ కొద్దిగా రుద్దండి.

3. పొడుగు కవర్లు వాడండి. మొలిచే దాకా తడి ఆరనివ్వద్దు, నీళ్లు నిలవనివ్వద్దు.

4. మొక్క అడుగు దాటాక, వానలు పట్టాక నాటండి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత చాలు. కవరు చింపి తీయండి, వేరు ముద్ద చెదరనివ్వద్దు.

5. గుల్మొహర్‌కు ఇంటి గోడకు కనీసం ముప్పై అడుగుల దూరం పెట్టండి. తీగల కింద అసలే వద్దు. ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ పెరిగే చెట్టు అది. మొదటి రెండేళ్లు కింది కొమ్మలు తీసేస్తూ, ఆరేడు అడుగుల దాకా ఒకే మొండెం ఉండేట్టు చూడండి.

6. నీడ మీకు ఏ నెలలో, ఏ పూట కావాలో ముందే చూసుకోండి. ఏ చెట్టు పెట్టాలో, ఏ వైపు పెట్టాలో దాన్ని బట్టే తేలుతుంది.

7. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు మీ బాధ్యత. నాటిన రోజు సెల్ఫీ దిగినవాళ్లలో ఎవరూ ఏప్రిల్‌లో కనిపించరు.

మృగశిర కార్తె పోయి, రెండు మంచి వానలు పడ్డాక నాటాం. మేకలకు అందకుండా చుట్టూ తుమ్మకంప కట్టాం. మిగిలిన గుల్మొహర్ మొక్కలు బడికి కొన్ని, చెరువుగట్టుకు కొన్ని పోయాయి. రెండు మాత్రం భూపాలపల్లి అక్క తీసుకుపోయింది. ఈసారి ఇంటి ముందు కాదు, గ్రౌండ్ చివరన పెట్టిస్తానంది.

పోయిన ఆదివారం ఊరికి పోతే నాయిన స్టేజీ దగ్గరే ఉన్నాడు. బండ మీద కాదు. ఆ పెద్ద బండను ఇంకో నలుగురితో కలిసి పారతో జరుపుతున్నాడు, కానుగ మొక్క వైపు మూడు అడుగులు. మొక్క ఇప్పుడు నా మోకాలి ఎత్తు కూడా లేదు. దాని నీడలో ఒక చెప్పు కూడా పట్టదు.

"ఇప్పుడే ఎందుకు నాయినా?"

"రెండింటికి నీడ ఈడిదాక వస్తది" అని కాలితో మట్టి మీద గీత గీశాడు. "అప్పుడు నాకు బండ జరిపే ఓపిక ఉంటదో ఉండదో. ఇప్పుడే జరిపి పెడితే, వచ్చి కూసునుడే."